ఏం లేదన్న మాట

ఆ వానాకాలం నన్ను మంచాన పడేసింది జబ్బు కాదు, సుశీలమ్మ.

సుశీలమ్మ నర్సింగ్ స్కూల్లో టీచరు. మధిర వైపు మనిషి. నేను ఆ స్కూలుకు వాచ్‌మన్‌ను. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే తోవలో, అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ స్కూలు. దాన్ని ఆనుకొని చిన్న దవాఖానా. గేటు పక్కన వాచ్‌మన్‌కు ఒక గది. అందులో నేను, నా బిడ్డ మరియ, మరియ కూతురు జెస్సికా. మరియ హాస్టలు వంటింట్లో పని చేసేది. జెస్సికా అదే స్కూల్లో నర్సు చదువు చదివేది. నేను వాచ్‌మన్‌గా ఉన్నన్నాళ్ళే గది. గది ఉన్నన్నాళ్ళే ఆ పిల్లకు చదువు సాగుతుంది, హాస్టలుకు కట్టే డబ్బు మా దగ్గర లేదు. ఈ సంగతి మేము ఎప్పుడూ కూర్చొని మాట్లాడుకోలేదు. ముగ్గురికీ తెలుసు.

మాకు ముందు ఆ గదిలో పోతయ్య ఉండేవాడు. కాలు విరిగితే పంపించేశారు. మర్యాదగానే పంపించారు. ప్రహరీ చుట్టూ తిరగలేని మనిషికి కాపలా ఎట్లా ఇస్తారు, తప్పు కాదు. అతను సామాను బయట పెట్టుకున్న రోజే మేము సామాను లోపల పెట్టుకున్నాం.

గోదావరి బాగా పొంగిన ఏడు అది, రెండువేల ఆరు. వానలకు ముందు స్కూలుకు ఒక రబ్బరు బొమ్మ వచ్చింది. మనిషంత బొమ్మ. కరెంటు పెడితే దాని గుండె కొట్టుకునేది. ఆడపిల్లలు దానికి పెద్దాయన అని పేరు పెట్టి, చేతికి సూదులు గుచ్చి గుచ్చి నేర్చుకున్నారు. కొన్నాళ్ళకు సుశీలమ్మకు ఆ బొమ్మ మీద మనసు విరిగింది. ఒక సాయంత్రం గేటు దగ్గరికి వచ్చింది.

"సవరయ్యా, ఆ బొమ్మకు అబద్ధం చెప్పడం రాదు."

నాకు అర్థం కాలేదు.

"ఈ పిల్లలకు చేతులు కుదిరాయి. కట్టు కడతారు, సూది వేస్తారు. ఎప్పుడు డాక్టరును పిలవాలి, ఎప్పుడు తెల్లారేదాకా చూడొచ్చు, అది మాత్రం తెలియడం లేదు. మనిషిని చూసి తేల్చుకోవాలి అది. మన జనం ఎట్లాంటి వాళ్ళో నీకు తెలుసు కదా. ఒళ్ళు కాలిపోతూ వస్తారు. ఎట్లా ఉందయ్యా అంటే ఏం లేదంటారు."

"అవునమ్మా."

"నాకు అట్లా ఏం లేదనే మనిషి కావాలి. నువ్వు పేషెంటువి అయి మంచం మీద పడుకో."

"నాకు నాటకాలు రావమ్మా."

"నాటకం వద్దు. ఏం అడిగినా ముందు ఏం లేదు అను. మళ్ళీ అడిగితే కొంచెం చెప్పు. ఇంకా అని అడిగితేనే అసలు సంగతి చెప్పు. అడగకపోతే చెప్పకు. చస్తున్నా చెప్పకు."

వంటింటి నుంచి బియ్యం చేట పట్టుకొని వస్తున్న మరియ విని నవ్వింది. "మా నాయినకు అది నేర్పుడు ఎందుకు మేడం. పుట్టినకాన్నుంచి అదే మాట."

నిజమే. నేను మాట్లాడేది తక్కువ. ఇల్లందులో బాయి పని చేసిన మనిషిని. మా వైపు బొగ్గుగనిని బాయి అంటాం. లోపల నోరు తెరిస్తే దుమ్ము పోతుంది, అందుకని నోరు మూసుకొని బొగ్గు నింపడం అలవాటు. ఒక్క మాటకు మాత్రం అక్కడ అడ్డు లేదు. ఎవడన్నా "గాలి లేదు" అన్నాడంటే పార కింద పడేసి అందరూ పైకి రావాలి. నిజమా, నీకెట్లా తెలుసు అని అడగరు. ఆ మాటతో పరాచికం ఆడినవాణ్ణి తర్వాత ఎవరూ జత కట్టుకోరు. జెస్సికా చిన్నప్పుడు దాక్కునే ఆటల్లో గోనెసంచి కిందికి దూరి "తాతా, గాలి లేదు" అని అరిస్తే, నేను ఒకే ఒక్కసారి ఆ పిల్ల మీద చెయ్యి ఎత్తాను.

సుశీలమ్మ అడిగిన పనికి సరే అన్నాను. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతుంది. అది చెప్పలేను.

చెప్పలేనిది ఇది. తొలకరి నుంచి నాకు వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. రాత్రి గోడకు ఆనుకొని కూర్చొని కునుకు తీసేవాణ్ణి. వాచ్‌మన్ కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి బూట్లలో పట్టేవి కావు. మరియ చూసింది. దవాఖానా గోడ అవతలే ఉంది. పోయి చూపించుకొమ్మని అనలేదు. "జెస్సి పరీక్ష అయిపోనీ నాయినా" అంది. నేనూ అదే అనుకుంటున్నాను. జెస్సికా కిందటేడు ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే స్కూలు వాళ్ళు ఉంచుకోరు.

మొదటి కేసు, చెట్టు మీంచి పడ్డ మనిషి. మోచేతి మీద గీరుడు తప్ప పైకి దెబ్బ లేదు. లోపల కడుపులో రక్తం కారుతోంది. అది పిల్లలు కనుక్కోవాలి. వాళ్ళు నాడి పడితే సుశీలమ్మ పలక మీద అంకె రాసి చూపిస్తుంది. అదే వాళ్ళు లెక్కలోకి తీసుకోవాలి.

జెస్సికా వంతు వచ్చింది.

"ఏమైంది తాతా?"

"ఏం లేదు."

"నొప్పి గిట్ల ఉన్నదా?"

"ఏం లేదు."

పిల్ల తల ఊపింది. మోచెయ్యి శుభ్రంగా కడిగింది. మెత్తగా కట్టు కట్టింది. దుప్పటి సర్ది, "పండుకో తాతా" అని పోయింది. ఎంత ముద్దుగా చేసిందో. నాకు గర్వంగా అనిపించింది.

"పేషెంటు చనిపోయాడు" అంది సుశీలమ్మ. తెల్లదుప్పటి లాగి నా మొహం మీద కప్పింది.

అట్లా చచ్చి పడుకున్నాను. దుప్పటి ముక్కుకు అతుక్కుంటోంది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది. లేస్తే శవం లేచినట్టు అవుతుంది. లేచి ఆయాసపడితే అందరూ చూస్తారు. బయట మాటలు వినబడుతున్నాయి, నీళ్ళ అడుగు నుంచి విన్నట్టు.

"మళ్ళీ ఎందుకు అడగలేదు జెస్సికా?"

"తాత ఏం లేదన్నడు మేడం."

"మీ తాత అన్నాడా, పేషెంటు అన్నాడా?"

జెస్సికా గొంతు చిన్నగా వచ్చింది. "పెద్దోళ్ళు చెప్పినంక మళ్ళ అడిగితే, నువ్వు అబద్ధం చెప్తున్నవ్ అన్నట్టే గద మేడం."

"అదే. ఇక్కడ మనుషులు చచ్చేది అక్కడే. ఆ మర్యాద వార్డు బయట చెప్పుల దగ్గర విడిచి రండి."

చాంది అనే పిల్ల, తండా నుంచి వచ్చి చదువుకునేది, నవ్వు ఆపుకుంటూ అంది. "మేడం, శవం పొట్ట ఎగురుతున్నది."

అందరూ నవ్వారు. "సవరయ్యా, కాసేపు ఓపిక పట్టు. చచ్చినవాడివి" అంది సుశీలమ్మ కూడా నవ్వుతూ. ఆమె తప్పు లేదు. నేనే ఏం చెప్పలేదు.

దుప్పటి తీయగానే ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాను. "సచ్చినోడు గింత జల్దీ లేచుడు నేనెక్కడ చూడలే" అంది చాంది. మళ్ళీ నవ్వులు. జెస్సికా నవ్వలేదు. నా తెరిచిన నోటి వంక చూస్తోంది.

ఆ తర్వాత వాన తెరపి ఇవ్వలేదు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. గదిలో దీపం పెట్టుకొని ముగ్గురం ఉన్నాం. మరియ పప్పు ఎనుపుతోంది. జెస్సికా మెడలో గుండె చూసే గొట్టం వేసుకొని నా ముందు కూర్చుంది.

"తాతా, ఒకసారి అంగీ ఇప్పు."

"ఎందుకు?"

"ప్రాక్టీసు."

"బొమ్మ ఉన్నది గద. దానికాడ చేసుకో పో" అంది మరియ.

"బొమ్మ గుండె కరెంటు మీద కొట్టుకుంటదమ్మా. కరెంటు లేదు."

"వచ్చినంక కొట్టుకుంటది తీ."

జెస్సికా గొట్టం తీయలేదు. నా పాదాల వంక చూసింది. నేను దుప్పటి లాక్కున్నాను.

"తాతా, నువ్వు కూసొని ఎందుకు పండుతున్నవ్?"

"అలవాటు."

"ఇంకా?"

మరియ పప్పుగుత్తి గిన్నెకేసి కొట్టింది. "ఇంకా గింకా అనుడు స్కూల్ల పెట్టుకో. ఇంట్ల పెద్దోళ్ళను గట్ల గుచ్చి గుచ్చి అడుగుతరా? మీ మేడం గదేనా నేర్పింది?"

పిల్ల లేచి బయట వసారాలో నిలబడింది. వాన జల్లు మీద పడుతున్నా లోపలికి రాలేదు. మరియ నా పక్కన చేరి గొంతు తగ్గించింది.

"పరీక్ష దాకా ఓర్సుకో నాయినా."

"ఓర్సుకుంటా."

"దాని చేతికి మాత్రం చిక్కకు. దానికి తెలిస్తే మనసుల దాసుకోలేదు."

పరీక్ష పెట్టడానికి ఖమ్మం నుంచి ఒక మేడం వచ్చింది. ఆమె వచ్చిన మర్నాడే వాగులు పొంగి రోడ్డు తెగింది. బస్సులు లేవు. భద్రాచలంలో గోదావరి ఇళ్ళలోకి వచ్చిందని దవాఖానాకు వచ్చినవాళ్ళు చెప్పారు. మా చుట్టూ నీళ్ళూ అడవీ. లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. కరెంటు రాలేదు. బొమ్మ చచ్చిన చేపలాగా పడి ఉంది. సుశీలమ్మ కిటికీలన్నీ తెరిపించింది వెలుతురు కోసం.

"బొమ్మ పని చెయ్యదు సవరయ్యా. అందరికీ నువ్వే" అంది.

మరియ నన్ను వంటింటి దగ్గర ఆపింది. చాయ్ ఇచ్చింది. గ్లాసు తీసుకునేటప్పుడు నా చెయ్యి పట్టుకొని వదిలింది.

ఈసారి కేసు, అడవి జ్వరం, అదే మలేరియా, తలకెక్కుతున్న మనిషి. వెల్లకిలా పడుకోవాలి. కదలకూడదు.

"మెత్త ఒకటి ఇయ్యుర్రి అమ్మా" అన్నాను.

"ఈ కేసుకు దిండు లేదు సవరయ్యా. కాసేపే కదా" అంది. హడావుడిలో ఉంది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అడిగారు, తాకారు, పలక చూశారు, పోయారు. ఒకరు పోయి ఇంకొకరు వచ్చేలోపు లేచి కూర్చుందామంటే ఖమ్మం మేడం అక్కడే రాసుకుంటోంది. చాంది వచ్చినప్పుడు నాకు ఇంకా తెలివి బాగానే ఉంది.

"ఏమైంది తాతా?"

"ఏం లేదు."

"ఏం లేనోడివి గింత వానల ఎడ్లబండి ఎక్కి ఎందుకొచ్చినవ్? మా మొకాలు చూడనీకా?"

ఖమ్మం మేడం కూడా నవ్వింది. చాంది అడిగి అడిగి జ్వరం సంగతి లాగింది, డాక్టరును పిలవాలంది, పాసయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళ మొహాలు నాకు సరిగా గుర్తు లేవు. పైకప్పు కిందికి దిగుతున్నట్టు ఉంది. బాయిలో కప్పు కూలే ముందు సన్నగా మట్టి రాలుతుంది, ఆ చప్పుడు చెవుల్లో వినబడుతోంది. చెమట పట్టింది. సుశీలమ్మ తుడిచింది, జ్వరం మనిషికి చెమట బాగా కుదిరింది అనుకుందేమో. ఇంకొక్కరు, ఇంకొక్కరు అనుకుంటూ పళ్ళు బిగపట్టాను. ఆ ఇంకొక్కరు జెస్సికా అని తెలుసు. అందరికన్నా వెనక పెట్టారు ఆ పిల్లను.

వచ్చింది. తెల్లబట్టలు. జడ పైకి కట్టుకుంది. మంచం పక్కన నిలబడింది. పలక వంక చూడలేదు.

"ఏమైంది తాతా?"

"ఏం లేదు."

చెయ్యి పట్టుకుంది. సుశీలమ్మ పలక ఎత్తి చూపింది. జెస్సికా చూడలేదు. దుప్పటి కింది కొస ఎత్తి నా పాదం మీద బొటనవేలితో నొక్కింది. తీసింది. గుంట అట్లాగే ఉండిపోయింది. మెడ మీద ఉబ్బిన నరాల వంక చూసింది. అడవి జ్వరానికి ఇవేవీ అక్కర్లేదని నాకు కూడా తెలుసు.

"ఏం లేదు" అన్నాను మళ్ళీ. అడగకముందే అన్నాను. కళ్ళతో బతిమాలాను. ఆ పిల్లకు తెలుసు, నేను ఏది బతిమాలుతున్నానో.

జెస్సికా వంగింది. మొహం నా మొహం దగ్గరికి తెచ్చింది. నా మాటే తీసుకొని నన్ను అడిగింది. కోపంగా కాదు. అంగట్లోకి పోయే ముందు ఇంట్లో ఏ సరుకు నిండుకుందో అడిగినట్టు అడిగింది.

"ఏం లేదు, తాతా?"

నన్ను ఎవరూ అట్లా అడగలేదు ఎప్పుడూ. అబద్ధం చెప్తున్నావనీ అనలేదు. నిజం చెప్పమనీ అనలేదు. ఏది తక్కువైందని అడిగింది, అంతే. దానికి జవాబు నా నోట్లో ఎప్పటి నుంచో ఉన్నట్టుంది.

"గాలి లేదు" అన్నాను.

జెస్సికా నా వీపు కింద చెయ్యి పెట్టి లేపి కూర్చోబెట్టింది. బొమ్మ తల కింద ఉన్న దిండ్లు లాగి నా వెనక పెట్టింది. కాళ్ళు మంచం కిందికి వేలాడదీసింది. అప్పుడు తిరిగి చూసింది.

"మేడం, డాక్టర్‌ను పిలువుర్రి."

"కేసులో ఇంకా నువ్వు జ్వరం చూడలేదు" అంది ఖమ్మం మేడం. "అయినా పిలుస్తానంటే పిలిచినట్టు రాసుకుంటాను. ఎందుకు పిలుస్తున్నావో చెప్పు."

"కేసుల డాక్టర్‌ను కాదు మేడం. నిజం డాక్టర్‌ను."

"నీ పరీక్ష..."

"అవ్ మేడం. ఆపేస్తున్న."

సుశీలమ్మ చేతిలో పలక కింద పడింది. ఆమె అప్పటికే గుమ్మం దాటి వానలోకి పరుగెత్తింది. గుమ్మం పక్కన మరియ నిలబడి ఉంది, చేతులకు పిండి అంటుకొని. ఎప్పుడు వచ్చిందో. కూతురి వంకే చూస్తోంది.

దవాఖానా డాక్టరు గొడుగు వేసుకొని వచ్చి వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. జెస్సికాను పిలిచి విను అన్నాడు. ఆ పిల్ల విని, "ఎండుటాకుల మీద నడిచినట్టున్నది సార్" అంది. గుండె అలసిపోయింది, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగిందని చెప్పాడాయన. సూది వేసి, గాలి గొట్టం ముక్కుకు పెట్టాడు. ఇంకా ఇట్లా వెల్లకిలా పడుకోబెట్టి ఉంటే అని మొదలుపెట్టి, సుశీలమ్మ మొహం చూసి ఆపేశాడు.

ఆమె నా మంచం దగ్గరే కూర్చుంది. "దిండు అడిగావు. ఇవ్వలేదు. ఎందుకో ఒక్క మాట చెప్పకపోయావా సవరయ్యా."

"అడగకపోతే చెప్పకు, చస్తున్నా చెప్పకు అన్నరు గదమ్మా."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు.

వరద నీళ్ళు తీశాక ఖమ్మం మేడం వెళ్ళిపోయింది. జెస్సికా కేసు పూర్తి చెయ్యలేదు కాబట్టి ఆ పరీక్ష లెక్కలోకి రాలేదు. మళ్ళీ రాయనిచ్చేటట్టు సుశీలమ్మ తిరిగి తిరిగి ఒప్పించింది. చలికాలంలో రాసింది, పాసయింది. ఆ సంగతి తర్వాతిది.

గది మాత్రం పోయింది. పోతయ్యకు చెప్పినట్టే నాకూ మర్యాదగా చెప్పారు. గుండె అలసిన మనిషికి కాపలా ఎట్లా ఇస్తారు. కొత్తగూడెంలో రైలు పట్టాల పక్కన ఒక గది కిరాయికి దొరికింది. ఒకటే తలుపు, కిటికీ లేదు. వాన పడితే ఒక మూల కారేది. మరియ మొదటి బస్సుకు హాస్టలు వంటకు పోయి, చీకటి పడే వేళకు వచ్చేది. జెస్సికా అదే బస్సులో పోయి అదే బస్సులో వచ్చేది. ఒకే సీట్లో కూర్చొని వచ్చేవాళ్ళు. మరియ కూతురితో మాట్లాడేది కాదు. అన్నం పెట్టేది, జడ వేసేది, మాట మాత్రం లేదు. పరీక్ష రోజు నుంచి అంతే. నేను ఏదన్నా అనబోతే నా చేతిలో మందు గోలీలు పెట్టి నీళ్ళ చెంబు అందించేది. ఆ గదిలో ముగ్గురం ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా ఉండి, ఎవరి లోపల వాళ్ళం ఉన్నాం.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒకనాడు ఇద్దరూ తడిసి వచ్చారు. మరియ గోడకు ఆనుకొని కూలబడింది. కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటు లేదు. కళ్ళు మూసుకుంది. జెస్సికా తువ్వాలు తెచ్చి తల్లి తల తుడవబోయింది. మరియ తల పక్కకు తిప్పుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు."

వేరే రోజైతే ఆ పిల్ల లేచి పోయేది. ఆ రోజు పోలేదు. తల్లి ఎదురుగా గొంతుక్కూర్చుంది. నన్ను అడిగినట్టే అడిగింది.

"ఏం లేదమ్మా? చెప్పు. ఏం లేదు?"

మరియ కళ్ళు తెరిచింది. పై నుంచి కారుతున్న మూల వంక చూసింది.

"ఇల్లు లేదు" అంది.

జెస్సికా ఆ మాట తీసుకుంది. తల దించలేదు, నేనేం చేసేదని అనలేదు. ఒక రైలు పోయింది, గోడలు అదిరాయి. చప్పుడు పోయేదాకా ఆగింది.

"ఇంకా?"

మరియ నా వంక తిరిగింది. ఆ ఏడు తొలకరి తర్వాత మొదటిసారి నేను ఆయాసం లేకుండా నడుము వాల్చి పడుకొని ఉన్నాను. దిండు ఒక్కటే ఉంది. దుప్పటి మెల్లగా పైకి లేస్తోంది, దిగుతోంది. మరియ దాన్ని చూస్తూ కూర్చుంది. చూసి చూసి, కూతురి చేతిలో తువ్వాలు తీసుకొని ముందు దాని తల తుడవడం మొదలుపెట్టింది.

"ఇంకేం లేదు" అంది.